మైకక్క ఇంట్లో పిగిలిపిట్ట పురుడు

మా వీధిలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆమె జీతం కాగితాలు రాసే గుమాస్తా, రెండోవాడు ఆమె మొగుడు. వాడకం లేక ఆయన కూడా మరిచిపోయి ఉంటాడని నా అనుమానం. తక్కినవాళ్లందరికీ ఆమె మైకక్క.

ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎప్పుడు బయల్దేరుతుందో బస్టాండు మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా చెబుతోంది. ఆ ఉద్యోగం దరఖాస్తు పెట్టుకుంటే వచ్చింది కాదు. పెళ్లయిన కొత్తలో అత్తగారితో కలిసి ఎక్కడికో వెళ్లడానికి బస్టాండుకు వచ్చింది. సామాన్లూ అత్తగారూ బస్సెక్కారు. ఆమె టికెట్ల కోసం వరసలో నిలబడి ఉండగానే బస్సు కదిలిపోయింది. మైకక్క పరిగెత్తలేదు. ఉన్నచోటే నిలబడి "ఆపండీ!" అని ఒక్క కేక పెట్టింది. ఆ బస్సు ఆగింది. దాంతోపాటు గేటు దాటబోతున్న ఇంకో ఆరు బస్సులూ ఆగాయి. టీ పోస్తున్నవాడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ రోజు బస్టాండు మైకు చెడిపోయి, కంట్రోలరు గదిలో తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ కేక విని బయటికి పరిగెత్తుకొచ్చి, "ఎవరమ్మా అది? ఉద్యోగం చేస్తావా?" అని అడిగాడు. అంతే సంగతి.

చిక్కేమిటంటే, సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు ఆమె మైకును అక్కడ వదిలేసి వస్తుంది గానీ గొంతును వెంట తెచ్చుకుంటుంది. "దయచేసి వినండి! అన్నం సిద్ధంగా ఉంది. కూర ఐదు నిమిషాలు ఆలస్యంగా వస్తుంది!" అని ఆమె వంటింట్లోంచి అంటే, వీధి చివర సైకిలు మీద పోయేవాడికి కూడా ఆకలేసేది.

ఆమె మొగుడు గడియారాలు బాగుచేస్తాడు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఒక కంటికి భూతద్దం, రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని పని చేసుకుంటాడు. నోట్లో నాలుక ఉందా లేదా అన్నంత నెమ్మదస్తుడు. ఆవగింజంత మరను చిమటాతో పట్టుకుని దాని చోట దించబోయే క్షణానికి సరిగ్గా లోపల్నుంచి "ఏమండీ!" అని వినపడేది. మర ఎగిరిపోయేది. ఆయన భూతద్దంతోనే నేల మీద పాకుతూ వెతుక్కునేవాడు. "పిలిచావా?" అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఆ ప్రశ్నకి అవసరం ఉండేది కాదు.

ఇంట్లో మూడో మనిషి అత్తగారు. ఆవిడకి చెవులు చాలా ఏళ్ల కిందటే దగా చేశాయి. పక్కన పిడుగు పడినా "ఎవరో తలుపు కొట్టినట్టున్నారు" అనే రకం. కోడలి మాట మాత్రం స్పష్టంగా వినపడుతుంది. అందుకే ఆ ఇంట్లో అత్తాకోడళ్లకి ఎన్నడూ మాట తేడా రాలేదు. "ఈ లోకంలో మనిషిలా మాట్లాడేది నా కోడలొక్కతే. మిగతావాళ్లంతా నోట్లో నీళ్లు పోసుకుని గొణుగుతారు" అని ఆవిడ ఊరంతా వినేట్టు చెప్పేది. చెవులు వినపడని మనుషులకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా.

వాళ్లు ఉండేది పై వాటాలో. ముందు గది దాటితే చిన్న డాబా ఉంది. అక్కడ పాత రంగు డబ్బాలు, పగిలిన బకెట్లు, మూతపోయిన కుక్కర్లు వరసగా పెట్టి మైకక్క మొక్కలు పెంచేది. ఆమె చేతిలో ఏ మొక్కా చచ్చిపోయేది కాదు. ఏ మొక్కా పూసేదీ కాదు. ఆకులు మాత్రం దుప్పట్లలా వచ్చేవి. అన్నిటిలోకీ ఆమెకి ప్రాణం నీలం డ్రమ్ములో ఉన్న కాగితం పూల మొక్క. మూడేళ్ల కిందట తెచ్చినప్పుడు నర్సరీవాడు "ఒకే చెట్టుకి రెండు రంగులమ్మా, ఒక పక్క ఎరుపు, ఒక పక్క తెలుపు" అన్నాడు. మూడేళ్లలో ఆమె చూసిన రంగు ఒక్కటే, ఆకుపచ్చ. దానికి లోటు చెయ్యకూడదని పొద్దున ఒక బకెట్టు, సాయంత్రం ఒక బకెట్టు నీళ్లు పోసేది. వాన పడిన రోజున కూడా "పైనుంచి వచ్చింది వేరు, నేను పోసేది వేరు" అని పోసేది.

కింది వాటాలో రిటైరైన లెక్కల మాస్టారు ఒక్కడే ఉంటాడు. ఆయన పెరట్లో మొక్కలు కూడా చెప్పినట్టు వింటాయి. ఊళ్లో ఏటా జరిగే పూల పోటీలో కప్పు ఆయనదే. ఆ కప్పుల్ని కిటికీలో, మెట్లెక్కేవాళ్లకి కనపడేట్టు పేర్చి పెట్టుకున్నాడు. మైకక్క రోజూ వాటిని చూస్తూ పైకి ఎక్కేది, చూస్తూ కిందికి దిగేది. మాస్టారు మాత్రం ఆమె గొంతు గురించి నెలకోసారి మెట్ల మీద నిలబడి ఫిర్యాదు చేసేవాడు. "అమ్మా, మీరు మీ ఆయన్ని స్నానానికి పిలిస్తే నేను కూడా లేచి తువ్వాలు వెతుక్కుంటున్నాను" అని.

ఇలా ఉండగా ఒక ఆదివారం పొద్దున మైకక్క ఒక చేత్తో నీళ్ల చెంబు పట్టుకుని, ఇంకో చేత్తో కాగితం పూల మొక్క కొమ్మలు సర్దుతుంటే, నడిమి చీలిక దగ్గర గిన్నెలాంటిది కనపడింది. ఎండు వేళ్లు, చీపురు పుల్లలు, అత్తగారి చీర అంచు పోగులు, మధ్యలో మెత్తగా పరిచిన దూది. ఆ దూది ఎక్కడిదో ఆమె వెంటనే గుర్తుపట్టింది. మొగుడి చెవులది. లోపల మూడు గుడ్లు ఉన్నాయి. గులాబీ రంగు మీద గోధుమరంగు చుక్కలు. పక్క కొమ్మ మీద నల్ల తల, తల మీద కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ ఉన్న పిట్ట కూర్చుని ఆమెనే చూస్తోంది. పిగిలిపిట్ట.

ఇంత సంతోషం కలిగితే ఎవరైనా ఏం చేస్తారు? మైకక్క చెంబుడు నీళ్లతో సహా చెయ్యి పైకెత్తి, "ఏమండీ! ఇలా రండీ! గుడ్లూ!" అని కేక పెట్టింది.

పిట్ట తుర్రుమంది. లోపల ఒక మర ఎగిరింది. కింద మాస్టారి గుమ్మం దగ్గర కూరగాయల బండి ఆగి, "గుడ్లు లేవమ్మా, వంకాయలున్నాయి!" అని జవాబు వచ్చింది.

పిట్ట గంటసేపు తిరిగి రాలేదు. ఆ గంటా మైకక్క గుమ్మం వెనక కూర్చుని, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నా గొంతు పాడుగాను. పురిటికొచ్చిన పిట్టని తరిమేశాను కదండీ" అంది. మొగుడు మర వెతుకుతున్నాడు. చివరికి పిట్ట వచ్చి, అటూ ఇటూ చూసి, గుడ్ల మీద కూర్చుంది. మైకక్క లేచి నిలబడి, రెండు చేతులూ చాచి, పెళ్లయిన తరువాత మొట్టమొదటిసారిగా గుసగుసగా మాట్లాడింది.

"ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. పిల్లలు ఎగిరిపోయేదాకా. తెలిసిందా?"

మొగుడు చెవుల్లోంచి దూది తీసి, "ఏమన్నావ్?" అన్నాడు.

ఆ నాటి నుంచి ఆ ఇల్లు ఆసుపత్రి అయింది. గరిటె గిన్నెకి తగిలితే నేరం. మైకక్క ఉప్పు కావాలంటే మొగుడి బల్ల దాకా నడిచి వచ్చి, వంగి, చెవిలో చెప్పేది. ఆ చెవిలో ఇప్పుడు దూది లేదు, ఆ రోజు తీసింది కూడా పిట్ట పాలైంది. కొత్తది పెట్టుకోవాల్సిన అవసరమూ పోయింది. ఆ వారంలో ఆయన పదకొండు గడియారాలు బాగుచేశాడు. అంతకు ముందు నెల మొత్తానికి ఆరు. పైకి చెప్పలేదు గానీ, పిట్ట ఇంకో మూడు గుడ్లు పెడితే బాగుండునని మనసులో అనుకున్నట్టు తరువాత ఒప్పుకున్నాడు.

మొక్కకి నీళ్లు పొయ్యడం ఇంకో సమస్య. బకెట్టు ఎత్తితే పిట్ట లేచిపోతుంది. ఆయన గడియారాలకి నూనె వేసే సన్నటి గొట్టాన్ని అతికించి అతికించి పొడుగు చేసి, గది కిటికీలోంచి డ్రమ్ములోకి వేశాడు. దాంతో నాలుగు రోజులకి ఒక గ్లాసుడు నీళ్లు, అదీ చుక్క చుక్కగా పోయేవి. "అయ్యో, దాని నోరు ఎండిపోతోంది" అని మైకక్క గుండెలు బాదుకునేది. చప్పుడు కాకుండా.

ఇక అత్తగారు. రెండు రోజులు ఆవిడ ఏమీ అనలేదు. మూడో రోజు మధ్యాహ్నం కంచం ముందు నుంచి లేచిపోయి, గోడకేసి తిరిగి పడుకుంది. కొడుకు వెళ్లి భుజం తట్టాడు. ఆవిడ భోరుమంది.

"మూడు రోజులైందిరా! నోరు ఆడిస్తుందే గానీ మాట బయటికి రానివ్వదు. నన్ను వెక్కిరిస్తోందిరా! ఇరవై ఏళ్లు పువ్వుల్లో పెట్టి చూసిన కోడలు ఇవాళ నాతో మాట్లాడటం మానేసింది. నేనేం చేశానురా?"

ఆ మాటలు వీధంతా విన్నారు. ఎదురింట్లో నేనూ విన్నాను. మైకక్క కంగారుగా వచ్చి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "అత్తయ్యా, అది కాదు" అని గుసగుసగా అంది. "చూశావా! మళ్లీ వెక్కిరిస్తోంది!" అని అత్తగారు ఇంకో శ్రుతి పెంచింది.

ఇక లాభం లేదని కొడుకూ కోడలూ ఆవిడని చెరో రెక్కా పట్టుకుని గుమ్మం దాకా నడిపించి, కొమ్మల మధ్యకి వేలు చూపించారు. ఆవిడ కళ్లు చిట్లించి చూసింది. ముఖం విప్పారింది.

"ఓసి పిచ్చిదానా! పురుడా? ఆ మాట ముందే చెప్పొద్దూ!"

ఆ గొంతుకి మాస్టారి పెరట్లో పిచ్చుకలు లేచిపోయాయి. గూటిలో పిట్ట మాత్రం కదల్లేదు. ఆ సంగతి ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు. మొగుడు గబగబా ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో "నిశ్శబ్దం" అని రాసి తల్లికి చూపించాడు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, కూడబలుక్కుని, "ని... శ్శ... బ్దం!" అని గట్టిగా చదివింది. ఆ తరువాత రోజంతా ఎవరు కనపడితే వాళ్లకి ఆ అట్ట చూపించి, వాళ్లకి చదువు రాదేమోనని తనే చదివి వినిపించేది.

ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా మొదలుపెట్టింది. చేతిలో చీపురు. గోడల మీద తిరిగే బొల్లి పిల్లి ఒకటి ఉంది, దానికోసం. పిల్లి ఒక్కసారే వచ్చింది. ఆవిడ విసిరిన చీపురు పిల్లికి తగల్లేదు గానీ, తీగ మీద ఆరేసిన మాస్టారి పంచెను తీసుకుని వెళ్లి వీధిలో పడింది. పిల్లి ఆ పంచెను చూసి భయపడి మళ్లీ రాలేదు.

ఇంట్లో అలవాటైన గుసగుస బస్టాండుకు కూడా వెంట వెళ్లింది. ఎనిమిదో రోజున మైకక్క మైకు మీట నొక్కి, ఆలోచన ఎక్కడో ఉండి, పెదవులు మైకుకి ఆనించి, "ప్రయాణికులకు మనవి... ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీదకు... బస్సు వస్తోంది..." అని గుసగుసలాడింది.

పంతొమ్మిదేళ్లలో ఆ బస్టాండు మొదటిసారి నిశ్శబ్దమైంది. వేరుశనక్కాయలు ఒలిచేవాళ్లు ఒలవడం ఆపేశారు. ఏడుస్తున్న పిల్లలు నోళ్లు తెరిచి ఉండిపోయారు. ఏ బస్సో ఎవరికీ వినపడలేదు గానీ, అంత రహస్యంగా చెప్పారంటే ఆ బస్సులో ఏదో విశేషం ఉంటుందని, ఉన్న జనమంతా ఏడో ప్లాట్‌ఫారానికి పరిగెత్తారు. ఎటో పోవాల్సినవాళ్లు కూడా ఎక్కేశారు. "ఇది ఎక్కడికి పోతుందండీ?" అని ఒకాయన అడిగితే, పక్కాయన వేలు పెదవుల మీద పెట్టి, "ష్... పైకి చెప్పకూడదంట" అన్నాడు.

కంట్రోలరు రొప్పుతూ గదిలోకి వచ్చాడు. "ఏమైందక్కా? ఎవరికైనా ఏమన్నా అయిందా?"

"ఎవరికీ ఏం కాలేదండీ. పిట్ట గుడ్లు పెట్టింది" అంది మైకక్క, గుసగుసగానే.

కంట్రోలరు ఆమె వంక జాలిగా చూసి, తన ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసి ఇచ్చాడు. సాయంత్రానికల్లా మైకక్క గొంతు పోయిందనీ, దాంతోపాటు మతి కూడా కాస్త చలించిందనీ డ్రైవర్ల ద్వారా ఊరూరా పాకిపోయింది. బస్సులతో పాటు పోయే వార్త కదా, టైముకి చేరింది. పరామర్శకి జనం రావడం మొదలైంది. ఒకరు తేనె, ఒకరు మిరియాలు, ఒకరు ఏదో ఆకు రసం తెచ్చారు. ఒక కండక్టరు మెడకి చుట్టుకోమని ఉన్ని మఫ్లరు ఇచ్చి వెళ్లాడు. అది మండు వేసవి.

"నా గొంతుకి ఏం కాలేదండీ. నిక్షేపంలా ఉంది" అని ఆమె అందరికీ గుసగుసగా చెప్పేది. విన్నవాళ్లు తలలు ఊపి, బయటికి వచ్చి, "పాపం, తెలియనివ్వకుండా ఎంత ధైర్యంగా ఉందో" అనుకునేవారు.

పదమూడో రోజు గుడ్లు పగిలాయి. మూడు పిల్లలు. వెంట్రుక లేని మూడు ఎర్రటి మాంసపు ముద్దలు, ముద్దకంటే నోరు పెద్దది. అత్తగారు వాటిని చూసి, "అచ్చం వీడు పుట్టినప్పుడు ఇలాగే ఉన్నాడు" అని కొడుకుని చూపించింది. అదే రోజు సాయంత్రం మాస్టారు మెట్లెక్కి పైకి వచ్చాడు. గడ్డం మాసి, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మా, మీరు ఊళ్లో ఉన్నారా?" అని అడిగాడు.

"ఉన్నాం మాస్టారూ. ఏం?"

"ఏం లేదు. పన్నెండు రోజులుగా నాకు మెలకువ రావడం లేదు. ఎనిమిదిన్నర దాకా పడుకుంటున్నాను. ఎప్పుడు నీళ్లు కాచుకోవాలో, ఎప్పుడు తినాలో ఏమీ తెలియడం లేదు. మొన్న రెండుసార్లు భోంచేశాను. అసలు మీరెందుకు అరవడం లేదు?" గొంతులో కోపమూ ఉంది, దిగులూ ఉంది.

మైకక్క నోటి మీద వేలు పెట్టి, ఆయన్ని గుమ్మం దాకా తీసుకుపోయి చూపించింది. మాస్టారు గూడు చూడలేదు. మొక్కను చూశాడు. చూసి, చూసి, గుమ్మం పట్టుకున్నాడు.

నీళ్లు లేక ఆకులు సగం రాలిపోయాయి. ఆకులు రాలిన ప్రతి చోటా మొగ్గ. ఒక పక్క ఎరుపు, ఒక పక్క తెలుపు, మధ్యలో అక్కడక్కడా రెండూ కలిసి. పిట్ట ధ్యాసలో పడి ఇంట్లోవాళ్లు ముగ్గురూ గూటిని చూశారే గానీ చెట్టును చూడలేదు.

"రెండు బకెట్ల నీళ్లు మానేశారా?" అని మాస్టారు నీరసంగా అడిగాడు.

"మానక ఏం చెయ్యను? పిట్ట లేచిపోతుంది కదా. పాపం, ఎండిపోయి చచ్చిపోతోంది మాస్టారూ ఇది."

మాస్టారు కాసేపు తన కాలి బొటనవేలు చూసుకున్నాడు. "చావడం లేదమ్మా, ఇప్పుడే బతుకుతోంది. కాగితం పూల చెట్టుకి నీళ్లెక్కువైతే ఆకులే వస్తాయి. దాహం వేస్తేనే పూస్తుంది. ఈ సంగతి నాకు మూడేళ్లుగా తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదు" అన్నాడు మాస్టారు. తరువాత తనకే సిగ్గేసి, "కప్పు పోతుందేమోనని" అని సగం నమిలేశాడు.

ఆ మాట విని మైకక్కకి కేక వెయ్యాలనిపించింది. పంతొమ్మిదేళ్ల గొంతు పీక దాకా వచ్చింది. మింగేసి, "మంచినీళ్లు తాగుతారా?" అంది.

పూల పోటీ ఆ పై వారం ఆదివారం. నాలుగు రోజుల్లో ఆ చెట్టు పెళ్లిపందిరిలా అయింది. వీధిలో పోయేవాళ్లు తలెత్తి చూసి, ఎదురుగా వచ్చేవాళ్లని గుద్దుకునేవారు. నేనే రెండుసార్లు గుద్దుకున్నాను. పోటీ నియమం ఒకటే: పొద్దున పది గంటల్లోపు కుండీ హాల్లో బల్ల మీద ఉండాలి. శనివారం సాయంత్రం మొగుడు మెల్లగా, "డ్రమ్మును అలాగే ఆటోలో పెట్టి, రెండు గంటల్లో మళ్లీ తెచ్చేస్తే?" అన్నాడు.

మైకక్కకి ఆశ పుట్టింది. మనిషే కదా. నెత్తిన మొగుడి స్కూటరు హెల్మెట్టు పెట్టుకుని, ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని డ్రమ్మును జానెడు జరిపారు. తల్లి పిట్టా తండ్రి పిట్టా రెండూ వచ్చి హెల్మెట్టు మీద టకటకా పొడిచాయి. మొగుడికి హెల్మెట్టు లేదు. ఆయన డ్రమ్ము వదిలేసి, చేతులతో బట్టతల మూసుకుని బల్ల కిందికి దూరాడు. గూట్లో మూడు నోళ్లు పైకి లేచి గిజగిజలాడాయి. మైకక్క హెల్మెట్టు అద్దం పైకెత్తి వాటిని చూసింది. తరువాత డ్రమ్మును ఒక్కతే, మెల్లగా, జానెడు వెనక్కి జరిపింది.

"వద్దండీ. ప్రయాణికులు ఎక్కి కూర్చున్నాక బస్సు మార్చకూడదు" అంది.

ఆదివారం పోటీలో కప్పు మాస్టారికే వచ్చింది. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి రావాల్సింది, రాలేదు. అక్కడే నిలబడి న్యాయనిర్ణేతలు ముగ్గురితోనూ, "మా మేడ మీద ఒక చెట్టు ఉంది. దాన్ని చూడకుండా ఇది నాకిస్తే రాత్రి అన్నం సహించదు. ఇప్పటికే నా భోజనాల లెక్క తప్పింది" అని గొడవ పెట్టాడట. మధ్యాహ్నం మూడింటికి వాళ్లని వెంటేసుకుని మెట్లెక్కాడు. ముగ్గురిలో పెద్దావిడ పువ్వులు కుట్టిన వెడల్పాటి టోపీ పెట్టుకుని ఉంది.

మైకక్క తలుపు తీసి గుసగుసగా "రండి" అంది. ఎందుకో తెలియకపోయినా వాళ్లూ గుసగుసగా "వస్తున్నాం" అన్నారు. అందరూ మునివేళ్ల మీద, ఒకరి వెనక ఒకరు గుమ్మం దగ్గరికి చేరారు. అత్తగారు కుర్చీలోంచి తిరిగి చూసి, "ఎవరే వీళ్లు? పాత సామాన్లు కొనేవాళ్లా? కుక్కర్లు ఇవ్వనని చెప్పు!" అని గర్జించింది.

చెట్టు చూడగానే ముగ్గురూ గుమ్మంలో ఒకరినొకరు తోసుకున్నారు. పెద్దావిడ దగ్గరికి వెళ్లి వంగింది. తండ్రి పిట్టకి ఆ టోపీ నచ్చలేదో, బాగా నచ్చిందో తెలియదు. వచ్చి దాని మీద వాలి, ఒక గుడ్డ పువ్వు ముక్కున పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. "కదలకండి" అని అందరూ గుసగుసలాడారు. ఆవిడ వంగినది వంగినట్టే ఐదు నిమిషాలు ఉంది. పువ్వు ఊడి వచ్చింది. పిట్ట దాన్ని గోడ మీదికి తీసుకుపోయి, తినబోయి, తినేది కాదని తెలిసి కింద పడేసింది.

"నియమం ప్రకారం బహుమతి ఇవ్వలేం" అని పెద్దావిడ నడుం నిమురుకుంటూ చెప్పింది. "ప్రోత్సాహకంగా మాత్రం ఒకటి ఇవ్వొచ్చు." మర్నాడు మనిషి చేత పంపించారు. రంగు కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి ఉంది. విప్పితే, మొక్కలకి నీళ్లు పోసే పెద్ద డబ్బా. మొగుడు అది చూసి నవ్వాడు. ఆయన చప్పుడు చేస్తూ నవ్వగా నేను వినడం అదే మొదలు.

ఆ సాయంత్రమే కంట్రోలరు ఏదో సీసా మందు పట్టుకుని పరామర్శకి వచ్చాడు. పై అధికారులు కొత్త అనౌన్సరు కోసం చూస్తున్నారని దిగులుగా చెప్పాడు. మైకక్క ఆయన చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకుపోయి, గూడు చూపించి, మొదటి నుంచీ అంతా చెప్పింది. కంట్రోలరు విని, తల గోక్కుని, "అక్కా, మన నాలుగో ప్లాట్‌ఫారం స్పీకరు వెనక ఏముంది?" అన్నాడు.

"ఏముంది?"

"గూడు. పిగిలిపిట్టదే. ఏటా పెడుతుంది. నీ గొంతు సరిగ్గా దాని నెత్తి మీదే మోగుతుంది. ఇప్పటికి ఎన్ని పిల్లలు ఎగిరిపోయాయో లెక్కలేదు."

పక్కన అత్తగారు ఆ క్షణంలోనే, గూటికి మూరెడు దూరంలో, "ఈయన మందు మాత్రం తాగకే, వాసనొస్తోంది!" అని అరుస్తోంది. పిట్ట పురుగును పిల్ల నోట్లో కుక్కుతూనే ఉంది. మైకక్క అత్తగారినీ చూసింది, పిట్టనూ చూసింది. మొదటి రోజు తన చేతిలో పైకి లేచిన నీళ్ల చెంబు గుర్తుకొచ్చింది. పిట్ట భయపడింది చెంబుకే.

ఆమె గొంతు సవరించుకుంది. ఒక అడుగు ముందుకేసి, రెండు చేతులూ కట్టుకుని, ఇరవై మూడు రోజులు దాచుకున్నదంతా కలిపి వదిలింది.

"దయచేసి వినండీ!"

కంట్రోలరు చేతిలో సీసా జారింది. లోపల మర ఎగిరింది. కింద మాస్టారు "వస్తున్నా!" అని అరిచి, ఎక్కడికో తెలియకుండానే చెప్పులేసుకున్నాడు. గూట్లో పిట్ట తల ఒక పక్కకి వంచి చూసి, రెక్క ఈకలు సర్దుకుని, ఇంకో పురుగు కోసం వెళ్లింది.

"ఇన్నాళ్లూ నేను ఊరికే నోరు కట్టుకున్నానా?" అంది మైకక్క.

"ఊరికే ఏం కాదులే" అన్నాడు మొగుడు నేల మీద పాకుతూ. "ముప్పై గడియారాలు బాగయ్యాయి."

తరువాత రెండు రోజులకి పిల్లలు రెక్కలు విదిలించడం మొదలుపెట్టాయి. మొదటిది పొద్దున్నే ఎగిరి నీళ్ల ట్యాంకు మీద వాలింది. రెండోది దాని వెనకే పోయింది. మూడోది మాత్రం గూటి అంచున నిలబడి, ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి ఊగుతూ గంటసేపు గడిపింది. అత్తగారు "దూకవే, దూకు! మీ అన్నలు దూకలేదూ!" అని అరిచి అరిచి అలిసిపోయి నిద్రపోయింది. అప్పుడది దూకింది. ఎగిరిందని చెప్పడానికి లేదు. గాల్లో దొర్లుకుంటూ మాస్టారి పెరట్లోకి పోయి, గులాబీలకి నీళ్లు పోస్తున్న ఆయన భుజం మీద పడి, చొక్కా కాలరు పట్టుకుని వేలాడి, ఎలాగో పైకెక్కి కూర్చుంది.

మాస్టారు నీళ్ల గొట్టం పట్టుకున్న చెయ్యి చాచినది చాచినట్టే బిగుసుకుపోయాడు. మైకక్క మెట్లన్నీ మూడు అంగల్లో దిగి వచ్చింది. "కదలకండి మాస్టారూ! తల్లి వస్తోంది, ట్యాంకు దగ్గరుంది!" అని వీధి అదిరేట్టు చెప్పింది.

"ఎంతసేపు పడుతుందమ్మా?" అన్నాడు మాస్టారు పెదవులు కదపకుండా.

"కాస్త ఆలస్యమవుతుంది!"

అరగంట పట్టింది. తల్లి పిట్ట వచ్చి, మాస్టారి భుజం మీదే పిల్లకి రెండుసార్లు మేత పెట్టి, గోడ మీదికి వెళ్లి పిలిచింది. పిల్ల ఆయన చెవి పక్కనుంచి ఎగిరి గోడెక్కింది, అక్కడి నుంచి ఎదురుగా మా వేపచెట్టులోకి పోయింది. మాస్టారి నీళ్లన్నీ ఒక్క గులాబీకే పోయి, చుట్టూ చెరువైంది. ఆయన చెయ్యి కిందికి దిగలేదు. మైకక్కా, ఆమె మొగుడూ చెరో పక్కా నిలబడి దాన్ని మెల్లగా దించి, మోచేతి దాకా నూనె రాశారు. మాస్టారు భుజం మీది తెల్లటి మరకను వేలితో చూపిస్తూ, "ఇది ఉతికితే పోతుందా?" అని అడిగాడు. పోతుందన్నారు. పోకపోయినా ఫరవాలేదన్నాడు.